గంబూషియా వదిలే ముందు కుంటలో ఏముందో చూడండి

సంపాదకుడు గారికి,

వానలు మొదలైతే చాలు, దోమల నివారణ పేరుతో కుంటల్లో దోమ లార్వాలను తినే గంబూషియా చేపలు వదులుతున్న ఫొటోలు పేపర్లలో కనిపిస్తాయి. డెంగీ అంటే నాకూ టెన్షనే. కానీ డెంగీ దోమ ఎక్కువగా పెరిగేది కూలర్లలో, పాత టైర్లలో, పూలకుండీల కింది పళ్లేల్లో. కుంటలో బకెట్ల కొద్దీ చేపలు వంపినా దానికి పోయేదేమీ లేదు.

పోయేది దోమల శత్రువులకే. తుంగ, నాచు ఉన్న ఒడ్డున ఒక జల్లెడ ముంచి, తెల్ల పళ్లెంలో దులిపి చూడండి. మట్టిరంగు తూనీగ పిల్ల కదలకుండా పొంచి ఉంటుంది. దోమ లార్వా దగ్గరికి రాగానే, మడిచి పెట్టుకున్న కింది పెదవిని ముందుకు చాచి లాగేసుకుంటుంది. వెల్లకిలా ఈదే పురుగులు, రెక్కల కింద గాలి దాచుకుని మునిగే పెంకుపురుగులు కూడా ఈ లార్వాలను తినేవే. ఇంకో నీటి పురుగుంది, దాని సంసారం చూసి తీరాలి. ఆడది గుడ్లన్నీ మగదాని వీపున అంటించి తన దారిన పోతుంది. పిల్లలు బయటికొచ్చేదాకా వాటిని మోస్తూ, గాలి తగిలేలా పైకి తేలుతూ తిరిగే డ్యూటీ మగదానిదే.

అమెరికా జాతి అయిన గంబూషియా దోమ లార్వాలను మాత్రమే ఏరుకుని తినదు. తూనీగ పిల్లలు, చిరుకప్పలు, ఏది దొరికితే అది తింటుంది. అత్యంత హానికరమైన 100 పరాయి జీవుల ప్రపంచ జాబితాలో దాని పేరుంది. పైగా నేరుగా పిల్లల్నే కంటుంది కాబట్టి త్వరగా పెరిగిపోతుంది. మావి కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు. పై కుంటలో వదిలిన చేప అలుగు దూకి కింది చెరువులన్నిటికీ చేరుతుంది, ఇక ఏరి తీయడం ఎవరి తరమూ కాదు.

మనిషి తవ్విన కుంటల్లో జీవవైవిధ్యం ఏముంటుందంటారా? హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ చెరువు కూడా తవ్వించిందే. దాన్నే 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తించారు. అయినా 2017 నాటి కేంద్ర చిత్తడి నేలల నిబంధనలు సాగునీటి కోసం కట్టిన చెరువులను లెక్కలోకే తీసుకోలేదు. రాష్ట్రంలో చెరువులు చాలావరకు అలాంటివే కదా!

గంబూషియా వాడక తప్పదంటే, వరదకు పొంగి బయటికి పోని పాడుబావులు, సిమెంటు తొట్లకే పరిమితం చేయాలి. కుంట విషయానికొస్తే, ముందు ఒడ్డున వల వేసి చూడాలి, తూనీగ పిల్లలు కనిపిస్తే అందులో గంబూషియా వేయకూడదు. ఈ పరీక్షకు ల్యాబ్ అక్కర్లేదు, డిగ్రీ కాలేజీ జువాలజీ విద్యార్థులు ఒక్క పూటలో చేయగలరు. చెరువు కట్టలను సుందరంగా తీర్చిదిద్దే మినీ ట్యాంక్‌బండ్ పనులు చేసేటప్పుడు కూడా చుట్టూ రాతి కట్టడం పేర్చకుండా, ఒక వైపైనా లోతు లేని మట్టి ఒడ్డును తుంగతో సహా ఉంచేయమని మున్సిపల్ ఇంజినీర్లకు మనవి.

- ఒక పాఠకుడు,
ఉమ్మడి వరంగల్ జిల్లా