గేటు తెరిచాక ఏం జరిగిందో కూడా ఆడండి

సంపాదకుడు గారికి,

నేను తెనాలి వాణ్ణి, వయసులో ఉన్నప్పుడు పరిషత్తు నాటకాల్లో చిన్నాచితకా వేషాలు వేశాను. ఇంగ్లండ్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు మనవరాలి స్కూల్లో ఒక నాటిక చూశాను. జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ నాజీ శిబిరాన్ని విడిపించిన బ్రిటిష్ సైనికుల జ్ఞాపకార్థం వేశారు. మా పిల్లది సైనికుడి వేషం. అట్టతో చేసిన ట్యాంకు, తుపాకీ మోతలు, గేటు విరిగిపడటం, ఖైదీల కేరింతలు, తెర. పిల్లలు బాగా చేశారు, నేనూ చప్పట్లు కొట్టాను గానీ రాత్రంతా ఏదో వెలితి.

అసలు ఆ గేటు ఎవరూ బద్దలు కొట్టలేదండీ. లోపల టైఫస్ జ్వరం ప్రబలింది, అది బయటికి పాకుతుందన్న భయంతో జర్మన్లే ఒప్పందం చేసుకుని శిబిరాన్ని అప్పజెప్పారు. 1945 ఏప్రిల్ 15న మైకులు కట్టిన వ్యాను ఒకటి, మన ఎన్నికల ప్రచారం బండిలాంటిదే, లోపలికి వెళ్లింది. కెప్టెన్ డెరిక్ సింగ్టన్ అనే ఆయన అందులోంచే మీకు విడుదల అని చెప్పాడు. అప్పటికి బతికున్నవాళ్లు సుమారు 60,000 మంది, పూడ్చని శవాలు 13,000 దాకా.

కథ మొదలయ్యేది అక్కడ. ఆ ఎముకల గూళ్లను చూడలేక సైనికులు చేతిలో ఉన్న డబ్బా మాంసం పెట్టేశారు. ఎవరైనా పెడతారు, నేనైనా పెట్టేవాణ్ణే. ఎండిపోయిన పేగులకి ఆ కొవ్వు అరగక తిన్నవాళ్లు చాలామంది చచ్చిపోయారు. ఆ తర్వాత పాలపొడి, చక్కెర, పిండి కలిపిన జావ కాచి పోశారు, 1943 బెంగాల్ కరువులో వాడిన జావే అది (మన దగ్గర లక్షల మంది పోయిన కరువు!), కానీ మరీ తియ్యగా ఉందని చాలామంది తాగలేకపోయారు. లండన్ నుంచి 97 మంది మెడికల్ స్టూడెంట్లు వచ్చి, పేలూ మలమూ నిండిన షెడ్లలోకి వెళ్లి ఒక్కొక్కరి నోటికీ ఆహారం అందించారు. ఇంత చేసినా, విడుదలయ్యాక పోయినవాళ్లు ఇంకో 14,000 మంది. ఆ సైనికులు జీవితాంతం మోసింది దీన్నే అని నాకనిపిస్తుంది, దీన్ని వదిలేసి ట్యాంకు ఆడిస్తే ఎవర్ని తలుచుకున్నట్టు?

మన బుర్రకథలో కథకుడు కాస్త ఆగితే చాలు, పక్కనున్న వంత “తర్వాతేమైంది?” అని అడుగుతాడు. ఆ స్కూలు నాటికలో ఆ వంత లేడు.

తర్వాత జరిగిన ఇంకో సంగతి కూడా చెబుతాను. ఆ జులైలోనే మెనుహిన్ అనే వయొలిన్ విద్వాంసుడు, బ్రిటెన్ అనే సంగీతకర్త పియానోతో వెళ్లి అక్కడ బతికి బయటపడ్డవాళ్లకి కచేరీ చేశారు. విన్నవాళ్లలో అనితా లాస్కర్ అనే 20 ఏళ్ల అమ్మాయి ఉంది. అంతకుముందు ఆష్విట్జ్ అనే ఇంకో నాజీ శిబిరంలో, ఖైదీల ఆర్కెస్ట్రాలో చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) వాయించడం వల్లే ఆమె ప్రాణం దక్కింది. ఈసారి తను ఊరికే కూర్చుని వింది. తెర దించాలంటే అక్కడ దించొచ్చు. అట్ట ట్యాంకు కన్నా ఖర్చు తక్కువ కూడా, రెండు కుర్చీలు, ఒక వయొలిన్ చాలు.

ఇదంతా ఆ టీచరుకి మా అమ్మాయి చేత మెయిల్ పెట్టించాను. ఇంకా జవాబు రాలేదు.

- ఒక పాఠకుడు, తెనాలి