ఆ ఏప్రిల్‌లో నా చేత ఫెడరల్ కోర్టు మెట్లెక్కించిన వాళ్ళకి

అమెరికా ప్రభుత్వం విదేశీ విద్యార్థుల రికార్డులు రద్దు చేస్తున్న 2025 ఏప్రిల్‌లో నా ఫోన్ ఎత్తిన ఇమ్మిగ్రేషన్ లాయర్లందరికీ, అర్ధరాత్రి దాటాక కూడా నా డ్రాఫ్టుల మీద ఎర్రగీతలు పెట్టిన ఇద్దరు సీనియర్లకీ, నెలకోసారి కలిసే మా బృందానికీ ఈ పోస్టు. పేర్లు రాయడం లేదు. సీనియర్లిద్దరూ వద్దన్నారు. మిగతావాళ్ళని అడిగితే "పేరు రాశావంటే రేపటి నుంచి మా ఫోన్లకి తీరిక ఉండదు" అని నవ్వారు. ఎవరి గురించో వాళ్ళకి తెలుస్తుంది, చాలు.

ఈ వృత్తిలో లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికాలో ఇమ్మిగ్రేషన్ అంతా ఫెడరల్ చట్టం. ఏదో ఒక రాష్ట్రంలో లైసెన్సు ఉంటే చాలు, దేశంలో ఎక్కడి క్లయింటునైనా తీసుకోవచ్చు. అందుకే నాలాగా ఒక్కరే ఆఫీసు పెట్టుకుని కూర్చునేవాళ్ళు మాలో చాలామంది ఉంటారు. పక్క గదిలోకి వెళ్ళి "ఇదిలా చేస్తే సరిపోతుందా అండీ" అని అడగడానికి ఎవరూ ఉండరు. నా రోజంతా హెచ్-1బి ఉద్యోగ వీసా పిటిషన్లు, గ్రీన్ కార్డు కోసం వేసే పెర్మ్ ఉద్యోగ ప్రకటనలు, ఐ-140 పిటిషన్లు, ఆర్‌ఎఫ్‌ఈ (ఇంకా ఆధారాలు కావాలని అధికారులు పంపే నోటీసు) జవాబులతోనే గడిచిపోతుంది. అంతా కాగితం మీద పని, జడ్జి ముందు నిలబడే అవసరమే రాదు. పైగా ఇమ్మిగ్రేషన్ కోర్టు వేరు, ఫెడరల్ జిల్లా కోర్టు వేరు. రెండో దాంట్లో కేసు వెయ్యాలంటే ఆ కోర్టు బార్‌లో, అంటే అక్కడ వాదించే లాయర్ల జాబితాలో, విడిగా చేరాలి. వీసా పిటిషన్లు చేసుకునేవాళ్ళలో అలా చేరినవాళ్ళు తక్కువ.

అలాంటి సమయంలో విద్యార్థుల ఫోన్లు మొదలయ్యాయి. మార్చి చివరి నుంచి యూనివర్సిటీల్లో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓలు పిల్లలకి ఈమెయిళ్ళు పంపుతున్నారు: నీ సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డు టెర్మినేట్ అయిపోయింది, మేం చేసింది కాదు, ప్రభుత్వం చేసింది. కారణం అన్నచోట క్రిమినల్ రికార్డుల తనిఖీలో పేరు తగిలిందని, లేదా వీసా రద్దయిందని ఒక్క లైను. ఆ క్రిమినల్ రికార్డు ఏమిటా అని తవ్వితే చాలామంది విషయంలో ఒక ట్రాఫిక్ టికెట్టో, కోర్టు ఎప్పుడో కొట్టేసిన చిన్న కేసో బయటపడేది. సెవిస్ పోయిందంటే ఓపీటీ (విద్యార్థులకి చదువుకి సంబంధించి ఇచ్చే పని అనుమతి) మీద పనిచేసేవాళ్ళు ఆ క్షణం నుంచి పని మానుకోవాలి. నా దగ్గరికి వచ్చిన కుర్రాడిదీ అదే పరిస్థితి. వాళ్ళ నాన్నగారు ఇండియా నుంచి ఫోన్ చేసి ఒక్కటే అడిగారు: "అమ్మా, వాణ్ణి వచ్చెయ్యమని చెప్పమంటారా, ఉండమంటారా?"

నా దగ్గర జవాబు లేదు. జవాబు తెలిసినవాళ్ళు ఎక్కడున్నారో మాత్రం తెలుసు.

కొత్త లాయర్ల కోసం ఇక్కడ ఒక మాట. క్లయింటు రహస్యం బయటపడుతుందన్న భయంతో చాలామంది తోటి లాయర్లని ఏదీ అడగరు. అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాల్లో 1.6 కింద ఉన్న వ్యాఖ్య దీనికి దారి చూపిస్తుంది. క్లయింటు ఎవరో, సంగతేమిటో వినేవాళ్ళు పోల్చుకోలేనట్టుగా ఉంటే, ఊహించి చెప్పిన ఉదాహరణలా చర్చించొచ్చు. ఊరు తీసెయ్యాలి, యూనివర్సిటీ తీసెయ్యాలి, చట్టానికి పనికొచ్చే తేదీల తేడా మాత్రం ఉంచాలి. నేను అలాగే అడిగాను. ఆ సాయంత్రమే ఒకావిడ నుంచి ఫోన్ వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ప్రభుత్వం మీద కేసులు వేస్తున్న మనిషి. పలకరింపుల్లేవు. "ఫెడరల్ కోర్టులో ఉన్నావా? లేవా? సరే, రేపు పొద్దున అప్లికేషన్ పెట్టు. స్పాన్సర్‌గా ఎవర్ని పెట్టాలో నేను చెబుతా."

ఆ రాత్రే తను అంతకుముందు వేసిన కేసు తాలూకు కంప్లయింటు (కేసు మొదలుపెట్టే పత్రం), టీఆర్‌ఓ మోషన్ పంపారు, క్లయింటు పేరు, వివరాలు నల్లగా కొట్టేసి. టీఆర్‌ఓ అంటే అవతలివైపు చెయ్యబోయేదాన్ని జడ్జి తాత్కాలికంగా ఆపే ఉత్తర్వు. "వాడుకో. కానీ కింద సంతకం నీది. ప్రతి వాక్యానికీ నువ్వే జవాబుదారీ" అన్నారు. ఇంకొకరైతే ఈ కాగితాలకే ఫీజు అడిగేవారు. అందులో తప్పు కూడా లేదు, అది వాళ్ళ కష్టం.

మర్నాడు వీడియో కాల్‌లో నా డ్రాఫ్టు తెరిచారు. వీసా రద్దు అన్యాయమని నేను రాసుకున్న రెండు పేజీలు మొత్తం కొట్టేశారు. వీసా కాన్సులేటు ఇచ్చేది, దాని జోలికి వెళ్తే ప్రభుత్వం తరఫు లాయరు మనల్ని అక్కడే కట్టిపడేస్తాడు, మన కేసు రికార్డు గురించి, స్టేటస్ (దేశంలో చట్టబద్ధంగా ఉండే హోదా) గురించి అన్నారు. తర్వాత ఫెడరల్ నిబంధనల్లోని 8 సీఎఫ్ఆర్ 214.1(డి) నా చేత పైకి చదివించారు. తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్ళ స్టేటస్‌ని ప్రభుత్వం తనంతట తాను ముగించడానికి అందులో ఉన్నవి మూడే దారులు: ముందు ఇచ్చిన ఒక రకం మినహాయింపుని వెనక్కి తీసుకోవడం, ఆ మనిషికి పర్మనెంట్ రెసిడెన్సీ ఇవ్వాలని కాంగ్రెస్‌లో ప్రైవేటు బిల్లు పెట్టడం, జాతీయ భద్రత లాంటి కారణాలతో ఫెడరల్ రిజిస్టర్ అనే ప్రభుత్వ గెజిట్‌లో ప్రకటన వెయ్యడం. "మీ వాడు ఈ మూడింట్లో ఎక్కడున్నాడు?" ఎక్కడా లేడు. "అయితే అదే నీ కేసు. మిగతాదంతా దానికి తోడు."

అఫిడవిట్ దగ్గర నాకు ఇంకా గట్టి పాఠం దొరికింది. "తీవ్రమైన మానసిక వేదన అనుభవిస్తున్నాడు" అని రాశాను. ఆవిడ దాన్ని చదివి, "ఇది ప్రతివాడూ రాస్తాడు. జడ్జి రోజుకి పది చదువుతాడు" అని ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలు వేశారు. ఏ తేదీన పని ఆపాడు? మేనేజరు పంపిన మెయిలు ఉందా? జీతం ఎంత ఆగింది? ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులకి మించి ఉండకూడదని జడ్జికి తెలుసనుకుంటున్నావా, నువ్వు చెప్పావా? ఆ రోజులు ఇప్పుడు లెక్కలోకి వస్తున్నాయో లేదో ఎవరూ చెప్పలేకపోతున్నారన్నది రాశావా? గంట తిరిగేసరికి ఆ ఒక్క వాక్యం స్థానంలో తేదీలున్న ఏడెనిమిది చిన్న పేరాలు వచ్చాయి. వేదన అన్న మాటే లేదు, చదివితే మాత్రం కడుపులో దేవినట్టయింది.

రెండో సీనియరు నెమ్మదస్తుడు. ఎవరూ పుస్తకాల్లో రాయని సంగతులు ఆయన చెప్పారు. కేసు వెయ్యగానే, ప్రభుత్వం తరఫున వాదించే యూఎస్ అటార్నీ ఆఫీసుకి ఫోన్ చెయ్యి, ఈమెయిలు కూడా పెట్టు, ఎన్ని గంటలకి ఎవరితో మాట్లాడావో రాసి టీఆర్‌ఓ మోషన్‌తో జతచెయ్యి, ఫెడరల్ సివిల్ కేసుల నియమాల్లో రూల్ 65 అడిగేది అదే. కుర్రాడి పేరు బయటికి రాకుండా 'డో' అనే మారుపేరుతో వెయ్యడానికి వేరే మోషన్ ఉంటుంది, మర్చిపోకు. ఫైలింగ్ ఫీజు 405 డాలర్లు కార్డు మీద కట్టేటప్పుడు పేజీ ఆగిపోతే కంగారుపడి మళ్ళీ నొక్కకు. ఆ చివరి సలహా నిజంగానే పనికొచ్చింది.

ఈ పని దేశమంతటా ఒకేసారి జరుగుతోందని గుర్తుంచుకోవాలి. 1946 నుంచి ఉన్న అమెరికన్ ఇమ్మిగ్రేషన్ లాయర్స్ అసోసియేషన్ తన సభ్యుల దగ్గర్నుంచీ విద్యార్థుల దగ్గర్నుంచీ వివరాలు కూడగట్టింది. అలా వచ్చిన 327 కేసుల్లో సగం భారతీయులవే. ఆ నివేదికని మా కంప్లయింటుకి జోడించాం. ఏప్రిల్ 18న అట్లాంటా ఫెడరల్ కోర్టులో 133 మంది విద్యార్థులు కలిసి వేసిన కేసులో టీఆర్‌ఓ వచ్చింది. కాసేపట్లోనే ఆ ఉత్తర్వు కాపీ మా అందరి ఫోన్లలో ఉంది. నేను చూడకముందే ఎవరో అందులో నాకు పనికొచ్చే పేరా దగ్గర గీత గీసి పంపారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. వాళ్ళకి కూడా ఈ దణ్ణం.

మా జడ్జి గారు టీఆర్‌ఓ ఇచ్చారు. ఏప్రిల్ 25న ప్రభుత్వం రికార్డులు పునరుద్ధరిస్తున్నామని కోర్టుల్లో చెప్పింది. కుర్రాడు మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. వాళ్ళ నాన్నగారు ఇప్పుడు పండగలకి శుభాకాంక్షల మెసేజ్ పెడుతుంటారు.

ఇక మా నెలవారీ బృందం సంగతి. లైసెన్సు నిలబెట్టుకోవడానికి మాకు సీఎల్‌ఈ (లాయర్లు తప్పనిసరిగా తీసుకోవాల్సిన శిక్షణ) గంటలు ఉంటాయి. టెక్సాస్‌లో ఏడాదికి 15, కాలిఫోర్నియాలో మూడేళ్ళకి 25. వాటిని తక్కువ చెయ్యను, కానీ వీడియో ఒకపక్క నడుస్తుంటే ఇంకోపక్క ఈమెయిళ్ళు చూసుకుంటూ గంటలు పోగేసుకున్నవాళ్ళం అందరం ఉన్నాం. బిజినెస్ కార్డులు పంచుకునే డిన్నర్ల గురించి అసలు చెప్పక్కర్లేదు. మా బృందంలో పద్ధతి వేరు. ప్రతివాళ్ళూ తమని వేధిస్తున్న ఒక సమస్య తేవాలి. అందరికన్నా కొత్తవాళ్ళు ముందు మాట్లాడాలి, పెద్దవాళ్ళు ఆఖర్న. ఈ చివరి నియమం పెట్టిన మహానుభావులెవరోగానీ, దాని విలువ ఇంతా అంతా కాదు. సీనియరు ముందే నోరు విప్పితే జూనియర్లు తలాడించడం తప్ప ఏం చేస్తారు?

ఒక ఉదాహరణ చెబుతాను, హెచ్-4 (హెచ్-1బి వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) పిల్లలున్న ఇళ్ళకి ఇది తెలిసిన బాధే. పిల్లాడికి 21 నిండితే తల్లిదండ్రుల గ్రీన్ కార్డు కేసులోంచి జారిపోతాడు. 2002లో వచ్చిన చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ చట్టం ప్రకారం, వీసా నంబరు (గ్రీన్ కార్డు క్యూలో వంతు) అందిన నాటి వయసులోంచి ఐ-140 పెండింగులో ఉన్న రోజులు తీసేస్తారు. నంబరు 'అందింది' అని నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లోని రెండు పట్టికల్లో ఏది చూసి అనాలన్నదే గొడవ. 2023 ఫిబ్రవరిలో యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ) ఫైలింగ్ తేదీల పట్టిక అంది. 2025 ఆగస్టు 15 నుంచి మళ్ళీ ఫైనల్ యాక్షన్ పట్టికకి వెళ్ళిపోయింది. ఆ నెల మీటింగులో మాలో అందరికన్నా చిన్నమ్మాయి, బార్‌లో చేరి ఏడాది కూడా కాలేదు, పాత నియమం ఎవరికి వర్తిస్తుందో, కొత్తది ఎవరికో తేదీలేస్తే లెక్క తేల్చే షీటు చేసి తెచ్చింది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు నోట్సు రాసుకున్నారు. ఇప్పుడు నా ఆఫీసులో రోజూ తెరిచే ఫైలు అదే. థాంక్యూ తల్లీ.

అదే ఏడాది సెప్టెంబర్ 19, శుక్రవారం సాయంత్రం గురించి చెప్పకుండా ఉండలేను. హెచ్-1బి మీద లక్ష డాలర్లు కట్టాలంటూ అధ్యక్షుడి ప్రకటన వచ్చింది, 21వ తేదీ వేకువన 12:01 నుంచి అమలు. పండక్కి ఇండియా వెళ్ళినవాళ్ళు, పెళ్ళికి వెళ్ళినవాళ్ళు, విమానం ఎక్కేసినవాళ్ళు... ఫోన్లు ఆగలేదు. మా బృందం అరగంటలో పని పంచుకుంది. ఒకరు ప్రకటనని వాక్యం వాక్యం విడదీశారు. ఒకరు ఏజెన్సీల మెమోల కోసం కాపలా కూర్చున్నారు. క్లయింట్లకి పంపే ఉత్తరం ఇంకో ఇద్దరు రాశారు. తెలిసింది ఒక పేరా, ఇంకా తేలనిది ఒక పేరా, రెండూ కలపొద్దని గట్టిగా అనుకున్నాం. శనివారం యూఎస్‌సీఐఎస్ మెమో వచ్చింది: అమలు సమయం తర్వాత వేసే కొత్త పిటిషన్లకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదు. అప్పటికి మా ఉత్తరంలో రెండో పేరా సగం తగ్గింది. తల్లిదండ్రుల కోసం దాన్ని తెలుగులో రాసే పని నాకిచ్చారు. వాళ్ళ దగ్గర అంత తీసుకున్నాక తిరిగి ఏదో ఇవ్వగలిగానన్న తృప్తి అప్పుడే కలిగింది.

ఇంకా కొందరున్నారు. నేను ఇంటి అవసరం మీద ఇండియా వెళ్ళినప్పుడు నా ఫైళ్ళు చూసుకున్న స్నేహితురాలు. ఆర్‌ఎఫ్‌ఈ గడువు ఎవరు చచ్చినా పొడిగించరు, కాబట్టి బయల్దేరే ముందే క్లయింట్ల చేత ఆవిడ పేరు మీద జీ-28 (ఫలానా లాయరు మా తరఫున ఉన్నారని తెలిపే ఫారం) సంతకాలు పెట్టించమని తనే గుర్తుచేసింది. ఒంటరిగా ప్రాక్టీసు చేసే ప్రతివాళ్ళకీ ఇలాంటి మనిషి ఒకరు ఉండాలి. లాయర్లు కాకపోయినా న్యాయశాఖ గుర్తింపుతో చిన్న చిన్న స్వచ్ఛంద సంస్థల్లో కేసులు నడిపే అక్రెడిటెడ్ రిప్రజెంటేటివ్‌లు, ఆశ్రయం కేసుల గురించి నాకు తెలిసిన సగం వాళ్ళు నేర్పిందే. నా పారాలీగల్, ఎగ్జిబిట్ల నంబర్లు మూడుసార్లు మార్చినా ఒక్క మాట అనలేదు. అనాలనుకుందని తెలుసు.

ఇమ్మిగ్రేషన్ ప్రాక్టీసు పెట్టాలనుకునే తెలుగు పిల్లలు, ఇండియాలో లా చదివి ఇక్కడ ఎల్ఎల్ఎం చేసి న్యూయార్క్ బార్ రాస్తున్నవాళ్ళు నాకు మెసేజ్‌లు పెడుతుంటారు. మీకు నేనివ్వగలిగినవి ఇవి. ఫెడరల్ కోర్టులో మొదటి కేసు వేసేవాళ్ళకి నా కంప్లయింటు, టీఆర్‌ఓ మోషన్ ఇస్తాను, నాకు వచ్చినట్టే, నల్లగీతలతో సహా. ఇమ్మిగ్రేషన్ కోర్టులో మొదటి హియరింగ్ ఉంటే ముందు రోజు ప్రభుత్వ లాయరు వేషం వేసి మిమ్మల్ని ఉతికి ఆరేస్తాను. ఆ పాత్ర నాకు బాగా కుదురుతుందని అంటారు. కావాల్సినవాళ్ళు ఏ కోర్టో, గడువు ఏ తేదీనో రాసి మెసేజ్ పెట్టండి. క్లయింటు పేరు మాత్రం రాయకండి.