రంగు చూసి దూరం రాయొద్దు
జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూసిన ‘తొలి గెలాక్సీ’ల వార్తల్లో అంచనాకీ నిర్ధారణకీ తేడా చెప్పడం లేదు. రెడ్‌షిఫ్ట్ అంటే విశ్వం విస్తరించడం వల్ల కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పే అంకె; అది ఎంత పెద్దదైతే గెలాక్సీ అంత దూరం, అంత పాతకాలం. వేర్వేరు రంగుల ఫిల్టర్లతో తీసిన ఫొటోల్లో రంగును బట్టి కట్టే రెడ్‌షిఫ్ట్ అంచనాయే. కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసి వర్ణపటం తీస్తేనే ఖాయం. సీర్స్-93316 అనే గెలాక్సీనే తీసుకోండి. 2022లో రంగుల లెక్క 16.4 అంది, అంటే మహావిస్ఫోటం తర్వాత సుమారు 24 కోట్ల ఏళ్లనాటిది. 2023లో వెబ్‌లోని వర్ణపట పరికరం నియర్‌స్పెక్‌తో వర్ణపటం తీస్తే 4.9! ధూళి ఎరుపుకు తోడు ఆక్సిజన్, హైడ్రోజన్ ఉద్గార రేఖలు (ఆ వాయువులు ప్రత్యేక తరంగదైర్ఘ్యాల్లో వెలువరించే వెలుగు) సరిగ్గా ఆ ఫిల్టర్లలోనే పడి మోసం చేశాయి. 4.9 అంటే ఆ వెలుగు బయలుదేరేనాటికి విశ్వం వయసు సుమారు 120 కోట్ల ఏళ్లు. తొలి నక్షత్రాల అతినీలలోహిత కాంతి హైడ్రోజన్‌ను అయాన్లుగా మార్చే పునరయనీకరణ దశ కూడా ముగిసింది. ఇక నుంచి రెడ్‌షిఫ్ట్ అంకె పక్కనే ‘రంగుల అంచనా’ అనో ‘వర్ణపటంతో నిర్ధారణ’ అనో వేయండి. అంకె మారితే, మొదటి వార్త వచ్చిన పేజీలోనే సవరణ కూడా వేయండి.