బస్సులో ఫోన్లు ఎందుకు తీసుకున్నామంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ప్రతిసారీ పరీక్షలు, ఫీజులతో మొదలుపెడతాను. ఈసారి మాత్రం వారం రోజులుగా మీరు గేటు దగ్గరా, వాట్సాప్ గ్రూపులోనూ మాట్లాడుకుంటున్న సంగతే ముందు రాస్తున్నాను. లేకపోతే మిగతాది ఎవరూ చదవరని నాకు తెలుసు.

పోయిన శనివారం ఏడో తరగతి పిల్లలను రావిర్యాల దగ్గరున్న వండర్‌లాకు తీసుకెళ్లాం. పొద్దున ఆరింటికి బస్సు ఎక్కేటప్పుడే మా పీఈటీ సారు గుడ్డసంచి పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఫోన్లన్నీ అడిగి తీసుకున్నారు. పిల్లలు 52 మంది, సంచిలో పడ్డ ఫోన్లు 38. ఫోన్ తేవద్దని సర్క్యులర్‌లో రెండు చోట్ల రాసి, కింద గీత గీసి, మీ సంతకాలు కూడా తీసుకున్న తర్వాత వచ్చిన లెక్క ఇది. పార్కులోనూ ఇవ్వలేదు. రాత్రి పదిన్నరకు మీ చేతికే ఇచ్చాం.

ఆ పదిన్నర దగ్గరే గొడవ మొదలైంది. తొమ్మిదింటికి రావాల్సిన బస్సు రఘునాథపల్లి దాటాక టైరు పంక్చరై రోడ్డు పక్కన ఆగిపోయింది. చలిలో గేటు ముందు నిలబడ్డ మీ కోపం నాకు అర్థమవుతుంది. ఎనిమిదింబావుకు గ్రూపులో మెసేజ్ పెట్టాం. దాని కింద మొదట వచ్చిన జవాబు గులాబీ పువ్వు మీద 'శుభరాత్రి' అని రాసిన బొమ్మ. ఆ తర్వాత పదిహేను నిమిషాలు ఎవరూ ఏమీ అనలేదు. అయినా మా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. అందరికీ ఒకే టీచర్ నంబర్ ఇచ్చాం, ఆమె ఫోను ఎంతసేపూ బిజీ వచ్చింది. ఇకమీదట ఏ టూరుకైనా మూడు నంబర్లు ఇస్తాం. ఫోన్ల సంచి మాత్రం మళ్లీ వస్తుంది. ఎందుకో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

నేను పుట్టి పెరిగింది వరంగల్‌లోనే. మా బాపు ఆజంజాహి మిల్లులో పనిచేసేవాడు. 1984 జనవరిలో మా మేనమామ జీపులో పదకొండు మందిమి హైదరాబాద్ పోయినం, నాంపల్లి నుమాయిష్ చూడడానికి. ఉస్మానియా గ్రాడ్యుయేట్లు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన ఆ సంతను మా ఇంట్లో ఎగ్జిబిషన్ అనేవాళ్లం. ఇప్పటి పార్కులు ఏవీ లేని రోజుల్లో మాకు జెయింట్ వీల్ అంటే అదే, బొమ్మ రైలు అంటే అదే. సంవత్సరమంతా దానికోసం ఎదురుచూసేవాళ్లం.

పెద్దవాళ్లు ముందర, పిల్లలం వెనక ఎదురెదురు పలకల మీద. జీపు వెనక కూర్చుంటే ఊళ్లు వచ్చేటప్పుడు కనపడవు, దాటిపోయాకనే కనపడతాయి. మడికొండ గుట్ట చిన్నగా అయిపోవడం, స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రైలు పట్టాలు వచ్చి రోడ్డును పట్టుకోవడం, మళ్లీ విడిచిపెట్టడం. కిలోమీటర్ రాయికి రెండు ముఖాలుంటాయి కదా, ముందరున్న పెద్దలకు హైదరాబాద్ దూరం తగ్గుతుంటే, వెనకున్న మాకు వరంగల్ దూరం పెరుగుతుండేది. దాని మీద మా అన్నకూ నాకూ పెద్ద తగువు. ఇంటికి ఎంత దూరం వచ్చినమో చెప్పాల్నా, ఎగ్జిబిషన్ ఇంకెంత దూరమో చెప్పాల్నా అని.

తగువు తీర్చడానికి బాపు తన హెచ్ఎంటీ వాచీ తీసి నా చేతికిచ్చిండు. ఒక రాయి దాటగానే సెకన్ల ముల్లు చూడు, తర్వాతి రాయి దాకా ఎన్ని సెకన్లు పట్టిందో చెప్పు, 3600ను దానితో భాగించు, జీపు గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతున్నదో వస్తది అన్నడు. 90 సెకన్లు వచ్చింది. భాగిస్తే 40. మామ ముందు నుంచి అరిచిండు, 'మీటరు పాడై రెండేండ్లాయె, నాకే తెల్వదు నా స్పీడు' అని. అంతే, జనగామ దాకా ఆ పని నాదే. గచ్చకాయల్లాంటి గట్టి భాగహారాలు జీపులో కూర్చుని నోటితో చేసిన. తర్వాత స్కూల్లో ఏ లెక్కల సారూ నాకు అంత ఇష్టంగా భాగహారం నేర్పలేదు.

ఆలేరు దాటాక సర్వపిండి, ఉల్లిగడ్డ. మా అవ్వ గిన్నెకు మూత బదులు విస్తరాకు కట్టింది, గాలికి ఆ ఆకు ఎగిరిపోతే అందరం చప్పట్లు కొట్టినం. ఇక నుమాయిష్‌లో ఏం చూసినవని అడిగితే చెప్పడానికి ఎక్కువ లేదు. జెయింట్ వీల్ ఎక్కిన. పైకి పోగానే భయమేసి కండ్లు మూసుకున్న.

మన పిల్లలు పోయింది కూడా ఆ దారినే. నాలుగు లైన్లు వేశారు, హైవే నంబరు మారి 163 అయింది, ఘట్‌కేసర్ దగ్గర రింగ్ రోడ్డు ఎక్కితే పట్నంలోకి పోనక్కర్లేదు. కానీ గుట్టలు అక్కడివి అక్కడే ఉన్నాయి. ఘన్‌పూర్ దగ్గర ఎడమకు తిరిగే రోడ్డు పాలకుర్తికి పోతుంది, ఆ మండలంలోనే పోతన గారి బమ్మెర. జనగామ దాటగానే పెంబర్తి, ఇత్తడి రేకును సుత్తితో కొట్టి గుళ్ల వాహనాలకూ ద్వారాలకూ తొడుగులు చేసే ఊరు. రాయగిరి దాటాక భువనగిరి కోట, ఏకశిల, 500 అడుగుల పైన ఎత్తు. ఒక్కో దిక్కు నుంచి ఒక్కో రూపంలో కనపడుతుంది. ఇవన్నీ సోషల్ పుస్తకంలో ఉన్నవే, పరీక్షల్లో రెండు మార్కులకు వచ్చేవే. అద్దం అవతల ఒరిజినల్ నిలబడి ఉంటే, ఒళ్లో ఆరంగుళాల తెర చూసుకుంటూ దాటిపోతామంటే నాకు ప్రాణం ఒప్పదు. బోర్ కొడుతుంది మేడం అన్నారు కొందరు. కొట్టనీయండి! బోర్ కొట్టిన పిల్లవాడే కిటికీలోంచి తల తిప్పి చూస్తాడు, పక్కవాడితో మాట్లాడతాడు, రాళ్లు లెక్కపెడతాడు. మూడున్నర గంటలు ఏమీ చేయకుండా కూర్చోవడం కూడా రావాలి పిల్లలకు. అది మేము నేర్పకపోతే ఇంకెవరు నేర్పుతారు? మీ ఇళ్లలో నేర్పుతున్నట్టు నాకైతే కనపడలేదు, ఏమీ అనుకోకండి.

ఇంకో మాట, డబ్బు ఖర్చు లేని వైద్యం. కదిలే బస్సులో తల వంచి తెర చూస్తుంటే కళ్లు 'మనం కదలడం లేదు' అంటాయి, చెవి లోపలి భాగం 'కదులుతున్నాం' అంటుంది. ఆ రెంటికీ పొత్తు కుదరక కడుపులో తిప్పుతుంది. దూరంగా ఉన్న గుట్టను చూస్తే తగ్గుతుంది. పోయినేడు ఫోన్లు ఉన్నప్పుడు జనగామ చేరకముందే తొమ్మిది మంది వాంతులు చేసుకున్నారు, ఆయమ్మ బస్సు కడగలేక ఏడ్చినంత పని చేసింది. ఈసారి ఇద్దరే. ఆ ఇద్దరూ బస్సెక్కే ముందు ఒక్కొక్కరు రెండు ప్యాకెట్ల చిప్స్, ఒక కూల్‌డ్రింక్ కానిచ్చినవాళ్లు. పొద్దున ఐదున్నరకు కూల్‌డ్రింక్!

ఫోన్లు తీసుకుని పిల్లలకు తలా ఒక నలభై పేజీల నోటుబుక్కు ఇచ్చాం, పైన 'దారి పుస్తకం' అని రాసి. ఏం రాయాలో చెప్పలేదు. ఇప్పుడవి నా టేబుల్ మీద ఉన్నాయి. మూడు రోజులుగా ఫైళ్లు పక్కనబెట్టి ఇవే చదువుతున్నాను. బి సెక్షన్ అమ్మాయి ఒకామె భువనగిరి గుట్టను ఐదు నిమిషాల తేడాతో నాలుగుసార్లు గీసింది. మొదటి బొమ్మలో తాబేలు, చివరి బొమ్మలో పడుకున్న ఏనుగు. ఎవరూ చెప్పలేదు ఆ పాపకు. నేను నలభై ఏళ్లుగా ఆ దారిన పోతూ ఏనుగును చూడలేదు. ఇంకో బాబుకు నా కిలోమీటర్ రాళ్ల లెక్క చెప్పాను. ఆలేరు దగ్గర లేచి నిలబడి, 'మేడం, 50 సెకన్లే వచ్చింది, అంటే 72, మన బస్సు అంత జోరుగా పోవచ్చా?' అని అందరికీ వినపడేలా అడిగాడు. డ్రైవరన్న అద్దంలో నన్ను చూశాడు. తర్వాతి రాయికి 60 సెకన్లు. లెక్కల్లో ఆ బాబుకు ఎఫ్ఏ-2 పరీక్షలో వచ్చిన మార్కులు ఇక్కడ రాయను, రాయాల్సిన అవసరం ఇక లేదు.

టైరు సంగతి కూడా చెప్పాలి. చీకట్లో డ్రైవరన్న జాకీ పెట్టబోతుంటే ఎ సెక్షన్ పిల్లవాడు, వాళ్ల నాన్న లారీ నడుపుతారు, కిందికి దిగి, 'అన్నా, ముందు నట్లు సగం లూజు చేయి, లేపినంక తిప్పితే చక్రమే తిరుగుతది' అన్నాడు. డ్రైవరన్నకు తెలియదని కాదు, తొందరలో మర్చిపోయాడు. ఆ పిల్లవాడే వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించి, విప్పిన నట్లన్నీ తన టోపీలో వేసుకుని, స్టెప్నీ ఎక్కేదాకా కదలకుండా నిలబడ్డాడు. నట్లు మళ్లీ బిగించేటప్పుడు ఎదురెదురువి బిగించాలని మిగతా పిల్లలకు చూపించాడు కూడా. క్లాసులో ఎప్పుడూ ఆఖరి బెంచీలో కూర్చుని నోరు తెరవని పిల్లవాడు. సోమవారం అసెంబ్లీలో వాణ్ని ముందుకు పిలిచి చప్పట్లు కొట్టించాను. వాళ్ల నాన్న ఆ రోజు నాగ్‌పూర్ దారిలో ఎక్కడో ఉన్నారట, ఫోన్‌లో చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్లు చేతుల్లో ఉంటే ఆ గంటన్నర మిగతా పిల్లలు ఏం చేసేవాళ్లో మీకే తెలుసు.

మీలో కొందరితో నేను ప్రేమగా చెప్పదలచినవి ఇంకో రెండు మూడు ఉన్నాయి. నీళ్ల ఆటలకు నైలాన్ బట్టలే పంపమని రాశాం, 11 మంది జీన్స్ తెచ్చుకున్నారు, వాళ్లు గట్టు మీద కూర్చున్నారు. టూరుకు ముందు రాత్రి పిల్లలు ఒంటిగంట దాకా మేలుకుని రీల్స్ చూశారని వాళ్లే చెప్పారు, పక్కన మీరూ చూస్తున్నారని కూడా చెప్పారు. 'మా బాబు ఫోన్ లేనిదే ముద్ద మింగడు మేడం' అని నవ్వుకుంటూ చెప్పే అమ్మలను నేను చాలామందిని చూస్తున్నాను. బస్సులో అదే బాబు స్నేహితుడి డబ్బాలోంచి పులిహోర మూడుసార్లు పెట్టించుకున్నాడు, ఏ ఫోనూ లేకుండా.

మిగతావి త్వరగా: ఎఫ్ఏ-3 టైంటేబుల్ డైరీలో అంటించాం, మూడో టర్మ్ ఫీజు నెలాఖరులోపు కట్టండి, సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి రోజు స్కూలు యథావిధిగా ఉంటుంది, దయచేసి 'ఊళ్లోనే ఉన్నాం' అని ఫోన్ చేయకండి.

మార్చిలో ఎనిమిదో తరగతిని రామప్పకు తీసుకెళ్తాం. సంచి పీఈటీ సారు దగ్గరే ఉంది, ఉతికించాం.

బస్సులో దొరికిన వస్తువులు ఆఫీసులో ఉన్నాయి: నీళ్ల సీసాలు నాలుగు, ఎడమ కాలి చెప్పు ఒకటి, కళ్లజోడు ఒకటి, మూత లేని స్టీలు డబ్బా ఒకటి. డబ్బా ఖాళీగా ఉంది. అందులో సర్వపిండి ఉండేదని డ్రైవరన్న చెబుతున్నాడు, ఎలా తెలుసో నేను అడగలేదు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు,
హనుమకొండ