రోబోటిక్స్ క్లబ్ వార్షిక నివేదిక, 2023–24

సభ్యులకు, పూర్వ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా ఒక్క ఆట చుట్టూనే తిరిగింది. అదే ఏబీయూ రోబోకాన్, ఆసియా-పసిఫిక్ దేశాల కాలేజీ విద్యార్థుల రోబో పోటీ. 2002లో టోక్యోలో మొదలైన దీనికి ఈసారి ఆతిథ్య దేశం వియత్నాం. వాళ్లిచ్చిన అంశం వరి పంట: నారు నాటాలి, కోయాలి, వడ్లను గాదెలకు చేర్చాలి. 2022లో మన దేశం ఏడుపెంకులాట పెట్టినప్పుడు ఎంత సంబరపడ్డామో ఈసారీ అంతే. మన టీములో సగం మంది రైతుల పిల్లలే. రూల్‌బుక్‌లో ‘ఖాళీ గింజ’ అని చదవగానే ఒకడు "తాలు అనొచ్చుగా" అన్నాడు. మన ప్రోగ్రాములో ఆ బంతికి ఇప్పటికీ ఆ పేరే ఉంది.

వడ్లంటే నిజం వడ్లు కావు, బంతులు. ఎర్ర జట్టుకు ఎరుపు, నీలం జట్టుకు నీలం, తాలు ఊదా రంగు. జట్టుకు రెండు రోబోలు. మొదటిదాన్ని మనిషి నడపొచ్చు. రెండోది మాత్రం తనంతట తానే బంతి ఏరుకుని 5 గాదెల్లో వేయాలి. గాదెకు 3 బంతులు. అందులో కనీసం రెండు మనవై, పైనున్నదీ మనదే అయితే ఆ గాదె మనది. అలా మూడు దక్కితే 3 నిమిషాల ఆట అక్కడితోనే ముగుస్తుంది. రెండు రోబోలూ కలిపి 50 కిలోలు దాటకూడదు. ఈ బరువు గొడవతోనే సంక్రాంతి సెలవులు గడిచిపోయాయి. హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్ సామాను దొరికే గుజరాతీ గల్లీకి ఎన్నిసార్లు వెళ్లామో లెక్క రాయలేదు, కొన్న సామాను బిల్లులు మాత్రం అన్నీ ఉన్నాయి.

జూలైలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ జాతీయ పోటీకి వెళ్లాం. విడదీసిన రోబోలను దుప్పట్లలో చుట్టి బెర్తుల కింద పెట్టాం. మొదటి రోబో నాట్లు బాగానే వేసింది. రెండోదే ముంచింది. మన షెడ్డు ట్యూబ్‌లైటు కింద ఒక్కసారీ తప్పని కెమెరా, స్టేడియం లైట్ల కింద నీలాన్నీ ఊదానూ కలిపేసింది. మాకు పడ్డది నీలం జట్టు. తాలు బంతిని భద్రంగా ఎత్తి గాదెలో వేస్తుంటే గీత అవతల నిలబడి చూడటం తప్ప చేయగలిగిందేమీ లేదు. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. కెమెరా ఎక్స్‌పోజర్ (వెలుతురు ఎంత తీసుకోవాలన్నది), వైట్ బ్యాలెన్స్ (లైటును బట్టి రంగుల సర్దుబాటు) ఆటోలో వదిలేయడమే కారణం. రాత్రి వాటిని లాక్ చేసి, లెన్సు చుట్టూ ఎల్‌ఈడీ రింగు కట్టాం. తర్వాతి మ్యాచ్‌లో రంగు సరిగ్గానే పట్టింది, కానీ అప్పటికే గ్రూపు దశ దాటే అవకాశం పోయింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఓటమి కాదు. ఇదే ఇబ్బంది పాత బ్యాచ్‌కూ వచ్చిందట. తిరిగొచ్చాక ఫోన్ చేస్తే ఒక సీనియరన్న "మేమూ రింగే కట్టాం కదరా" అన్నాడు. ఎక్కడా రాసిపెట్టలేదు. ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోతే వాళ్లతో పాటే మన తెలివీ హాస్టల్ ఖాళీ చేస్తోంది. అందుకే ఈ నెల నుంచి షెడ్డులో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. కాలిన మోటారు డ్రైవరు (మోటారును నడిపే సర్క్యూట్ బోర్డు), వదులైన కనెక్టరు, ఏదైనా సరే, ఆ రోజే తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రాయాలి. పూర్వ సభ్యులు వచ్చినప్పుడు గుర్తున్నవి అందులో రాసి వెళ్లాలని మనవి.

2025 ఆట మంగోలియాలో, బాస్కెట్‌బాల్. మెకానికల్ విభాగానికి ఇద్దరు జూనియర్లు కావాలి. లేత్ మిషను పని తెలిసి ఉంటే మంచిది, తెలియకపోతే నేర్పిస్తాం. జమాఖర్చుల పట్టిక నోటీసుబోర్డులో ఉంది. షెడ్డు రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో దయచేసి తెచ్చివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి