ఆ వాన రాత్రి తప్పు మాదే

పోయిన నెల పెద్ద వాన పడ్డ రాత్రి మన క్యాంప్‌గ్రౌండ్‌లో నాలుగు టెంట్లలోకి నీళ్లొచ్చాయి. తడిసిన స్లీపింగ్ బ్యాగులు చంకలో పెట్టుకుని, నిద్రకళ్ల పిల్లల్ని ఎత్తుకుని మీలో కొందరు మా ఆఫీసు గదిలోనే తెల్లవారేదాకా కూర్చున్నారు. "టెంట్లు పాతబడ్డాయండీ, మార్చేస్తాం" అని అప్పుడు నోటికొచ్చింది చెప్పేశాను. అది నిజం కాదు.

తెల్లారాక నాలుగూ విప్పి చూశాం. పైబట్ట బాగానే ఉంది, కుట్ల మీద టేపు కూడా ఊడలేదు. కింద పరిచిన గ్రౌండ్‌షీట్ మాత్రం టెంట్ అంచు దాటి జానెడు బయటికి వచ్చి ఉంది. పైనుంచి జారిన నీళ్లన్నీ ఆ జానెడు మేర పడి, టెంట్ అడుగుకీ షీటుకీ మధ్యకి చేరి మడుగు కట్టాయి. మోకాలు ఆనిన చోటల్లా లోపలికి ఊరాయి. టెంట్లు వేసింది మేమే. షీటు పెద్దదైతే ఇంకా మంచిదే కదా అనుకున్నాం. నిజానికి అది టెంట్ అడుగు కన్నా నాలుగు వేళ్లు లోపలికే ఉండాలి. ఇప్పుడు అన్నీ కత్తిరించేశాం. సొంత టెంట్ తెచ్చుకునేవాళ్లు మిగిలిన అంచును కిందికి మడిచేస్తే సరిపోతుంది.

అంతటితో అయిపోతే బాగుండేది. ఆ నాలుగూ ఒకే వరసలో ఉన్నాయి. ఏళ్ల తరబడి అక్కడే టెంట్లు వేసి, అక్కడే తిరిగి నేలను రాయి చేసేశాం. మేకు కొడితే రెండంగుళాలకే వంగిపోతోంది. పది అడుగుల అవతల, ఆకులు రాలి మెత్తగా ఉన్న చోట అదే మేకు బొటనవేలితో నొక్కితే దిగింది. అణిగిపోయిన మట్టిలో సందులుండవు, నీరు ఇంకదు, చెట్ల వేళ్లకు గాలీ అందదు. ఏ చెట్ల నీడను చూపించి మిమ్మల్ని రమ్మంటున్నానో వాటికే ఊపిరాడకుండా చేస్తున్నాను.

అందుకని ఆ వరస మొత్తం ఈ సీజన్‌కి మూసేస్తున్నాం. నేల అంత తొందరగా కోలుకోదు కాబట్టి వచ్చే సీజన్‌కి కూడా మాటివ్వలేను. అక్కడ బుక్ చేసుకున్నవాళ్లకు పై వరసలో చోటిస్తాం, వద్దంటే డబ్బు మొత్తం వాపసు. మాకు రాబడి తగ్గుతుంది, టెన్షన్ లేదని చెప్పను. అయినా ఒక్కో స్థలంలో రెండేసి టెంట్లు ఇరికించి ఆ లోటు పూడ్చుకోం. ఆ పని మొదలుపెడితే పక్క టెంట్‌లో గురక వింటూ పడుకోవాలి, ఇక అడవికి రావడం దేనికి? పెద్ద చెట్టు కింద స్థలం కూడా ప్రస్తుతానికి లేదు. పైన ఒక ఎండుకొమ్మ వేలాడుతోంది, అది గాలి లేని రోజున కూడా పడొచ్చు.

పొద్దున్నే టెంట్ లోపల చుక్కలు కనిపిస్తే మళ్లీ కారిందని కంగారు పడకండి. చాలాసార్లు అది మన ఊపిరిలోని తేమే. చలికి భయపడి అన్నీ బిగించేస్తే చల్లటి బట్టకి తగిలి నీరవుతుంది. పైన గాలి సందు తెరిచే ఉంచండి. వెచ్చదనం కోసం బొగ్గులు, స్టవ్ మాత్రం లోపలికి తీసుకెళ్లొద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ విషయంలో ఎంత తెలిసినవాళ్లైనా సరే, నేను మొహమాటపడను.

దారి పొడవునా స్తంభాల లైట్లు తీసేసినందుకు కొందరు విసుక్కున్నారు. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్ల లైటు చాలు అదంతా పోవడానికి. మోకాలి ఎత్తులో మసక ఎర్ర లైట్లు పెట్టాం, దారి తెలియడానికి అవి చాలు.

మూసిన వరసకి తాడు కట్టాం. ఫోటో కోసమైనా దాటొద్దు. మొన్న అలవాటు కొద్దీ నేనే దాటేస్తే, మా పనికుర్రాడు చూసి వెనక్కి పిలిచాడు.