శనివారం పైన్‌డేల్ ప్రయాణం

అందరికీ నమస్కారం.

ఈ శనివారం ఉదయం 6 గంటలకు సాల్ట్ లేక్ సిటీ నుంచి బయలుదేరి వయోమింగ్‌లోని పైన్‌డేల్ వెళ్తున్నాం. అక్కడి మౌంటెన్ మ్యాన్ మ్యూజియం, 19వ శతాబ్దంలో కొండల్లో తిరుగుతూ బొచ్చు కోసం జంతువులను పట్టిన వేటగాళ్ల గురించినది. వాళ్లలో పేరుమోసిన జిమ్ బ్రిడ్జర్ తుపాకీ అందులో ఉంది.

పిల్లలకు ఆనాటి జింక తోలు చొక్కాలను దగ్గరగా చూపించండి. జంతువు మెదడుతో పదును చేసి, పొగ పట్టించిన తోలు అది. తడిసి ఆరినా అట్టకట్టదు. అంచున వేలాడే కుచ్చులు సింగారానికే కాదు, వాన నీరు వాటి వెంట జారిపోతుంది. ఎంత తెలివో చూడండి! తుపాకీ మందు పోసుకునే కొమ్ము, బీవర్లను (బొచ్చున్న నీటి జంతువులను) పట్టే ఇనుప బోనులు కూడా వదలకండి.

ఎంతమంది వస్తున్నారో, మీ కారులో ఎన్ని సీట్లు ఖాళీయో గురువారం రాత్రిలోగా ఇక్కడే రాయండి.
భోజనం, మంచినీళ్లు ఎవరివి వారే తెచ్చుకోవాలి.

మరచిపోవద్దు: ఆ ఊరు 7,000 అడుగులకు పైన ఉంది. వేసవి అయినా సాయంత్రం చలేస్తుంది, పిల్లలకు స్వెట్టర్లు పెట్టుకోండి.